చిన్న రంధ్రం, చురుకైన చెవి: డీఎన్‌ఏని ఒక్కొక్కటిగా పట్టుకున్న కథ

పోయిన ఎపిసోడ్‌లో రక్తపరీక్షల చరిత్ర మాట్లాడుకున్నాం. చివర్లో "సన్నటి రంధ్రంలోంచి డీఎన్‌ఏని దూర్చి లెక్కపెట్టే పద్ధతి ఒకటుంది, దాని సంగతి విడిగా చెప్తాను" అని ఆపేశాను. ఆ కథలో అంకెలు ఎక్కువ. మైకు ముందు చదివితే వినేవాళ్ళకి విసుగొస్తుంది, అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను. తీరిగ్గా చదువుకోండి.

ముందే చెప్తున్నా, నేను సైంటిస్టుని కాదు. ఐటీఐ చేసి, సైట్ల మీద పని చేయించుకుంటూ బతుకుతున్నవాణ్ణి. కానీ ఈ విషయం మీద నాకు పట్టుదల రావడానికి ఒక కారణం ఉంది. అది చెప్పి అసలు కథలోకి వెళ్తాను.

కొన్నేళ్ళ కింద సోహార్ వైపు ఒక సైట్‌లో ఉన్నప్పుడు మా గ్యాంగ్‌లోకి పార్వతీపురం ఏజెన్సీ నుంచి ఒక కుర్రాడు హెల్పర్‌గా వచ్చాడు. నెమ్మదస్తుడు, పని మీద శ్రద్ధ ఉన్నవాడు. జూన్‌లో ఎండలు ముదిరాక ఒకరోజు పొద్దున పదకొండు గంటలకే కూలబడిపోయాడు. జూన్ నుంచి ఆగస్టు దాకా పన్నెండున్నర నుంచి మూడున్నర వరకూ ఎండలో పని ఆపాలని ఒమన్‌లో రూలు ఉంది. వీడేమో ఆ టైముకి ముందే పడిపోయాడు. "ఎముకల్లో మేకులు దిగుతున్నట్టుంది బాబూ" అన్నాడు. ఎండదెబ్బ అనుకుని నీళ్ళు తాగించి నీడలో పడుకోబెట్టాం. పది రోజులకి మళ్ళీ అదే. మూడోసారి కూడా అలాగే అయ్యేసరికి, పని తప్పించుకుంటున్నాడేమో అనుకున్నాను. అనుకోవడమే కాదు, నలుగురిలో ఆ మాట అన్నాను కూడా.

నాలుగోసారి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. సీబీసీ చేశారు, హిమోగ్లోబిన్ బాగా తక్కువుంది. అక్కడున్న ఒమనీ డాక్టరమ్మ ఆ కాగితం చూసి, కుర్రాడి కళ్ళ పసుపు చూసి, వెంటనే ఇంకో పరీక్ష రాసింది. అది వచ్చాక తేలింది, సికిల్ సెల్ జబ్బు. "మా దేశంలో ఇది ప్రతి ఊళ్ళోనూ తెలిసిన జబ్బే, అందుకే అనుమానం వచ్చింది" అందామె. ఇక్కడికి రాకముందు మన దగ్గర ఎవరూ ఆ కుర్రాడికి ఆ పరీక్ష చేయలేదు. నేను "దొంగ నొప్పి" అన్న దాని వెనక నిజంగా ఉన్నది ఒక్క అక్షరం తేడా. మనిషి డీఎన్‌ఏలో 300 కోట్ల అక్షరాలుంటే, హిమోగ్లోబిన్ తయారుచేసే ఒక జన్యువులో 'ఏ' ఉండాల్సిన చోట 'టీ' పడింది. అంతే.

ఆ రోజు నుంచి నాకు ఒకటే ప్రశ్న. మొదటి మిషను కణాలను లెక్కపెట్టింది. రెండోది హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపింది. మరి ఆ అక్షరం దాకా వెళ్ళే మిషను ఏది? వెతుకుతూ పోతే, ఒక దారి మళ్ళీ ఆ మొదటి మిషను దగ్గరకే తీసుకొచ్చింది. ఆ మిషను గుండెకాయ కూడా ఒక రంధ్రమే.

సిగరెట్ పెట్టె కాగితం

1913లో అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రంలో పుట్టిన వాలెస్ కోల్టర్ డాక్టరు కాదు, ఎలక్ట్రానిక్స్ మనిషి. కొన్నాళ్ళు ఒక పెద్ద కంపెనీ తరఫున ఎక్స్‌రే మిషన్లు అమ్ముతూ ఆసియాలో తిరిగాడు. ఆసుపత్రుల్లో ల్యాబ్ వాళ్ళు మైక్రోస్కోపు కింద రక్తం చుక్క పెట్టుకుని, గళ్ళ అద్దం మీద ఎర్ర కణాలను కంటితో లెక్కపెట్టడం చూశాడు. ఒక్కో మనిషి రక్తానికి బోలెడు సమయం పట్టేది. కళ్ళు అలిసేకొద్దీ లెక్క తప్పేది.

కోల్టర్ ఆలోచన చాలా సాదా. రెండు గదుల్లో ఉప్పునీళ్ళు పెట్టి మధ్యలో సన్నటి రంధ్రం ఉంచు. రెండు వైపులా కరెంటు తీగలు పెట్టు. ఉప్పునీళ్ళలో కరెంటు పారుతుంది. ఒక రక్తకణం రంధ్రంలోంచి వెళ్తున్నంతసేపూ ఆ దారి కొంచెం మూసుకుంటుంది, కరెంటు కొంచెం పడిపోతుంది. ఎన్నిసార్లు పడితే అన్ని కణాలు. ఎంత లోతుగా పడితే అంత పెద్ద కణం. మొదటి ప్రయోగాల్లో సిగరెట్ పెట్టె మీది సెల్లోఫేన్ కాగితానికి వేడి సూదితో రంధ్రం పెట్టాడని ఆయన గురించి చెప్పుకుంటారు. 1949లో పేటెంటుకి దరఖాస్తు పెడితే 1953 అక్టోబర్‌లో వచ్చింది. ఇవాళ మస్కట్‌లో అయినా మంచిర్యాలలో అయినా మనం చేయించుకునే సీబీసీ వెనక ఆ సూత్రమే ఉంది. క్యాంపు గేటు దగ్గర ఒక్కొక్కరినే వదిలే తిరుగుడు గేటు ఉంటుంది చూడండి, అచ్చం అదే.

ఎర్రకణం వెడల్పు 7, 8 మైక్రాన్లు. డీఎన్‌ఏ తాడు మందం 2 నానోమీటర్లు. అంటే డీఎన్‌ఏ దాదాపు నాలుగు వేల రెట్లు సన్నం. గేటు అదే, వచ్చే మనిషే మారాడు. కాబట్టి గేటుని అంత సన్నగా కట్టాలి. 1970లో డెబ్లాయ్, బీన్ అనే ఇద్దరు అమెరికాలో ప్లాస్టిక్ పొరల్లోని సన్నటి రంధ్రాలు వాడి ఈ పద్ధతిని ఇంచుమించు వైరస్ సైజు రేణువుల దాకా దించారు. ఆ తర్వాత ఇంకా కిందికి దిగడానికి మనిషి చేతిలో పనిముట్టు లేదు.

ప్రకృతి చేసిన రంధ్రం

పనిముట్టు లేనప్పుడు, ఇప్పటికే ఉన్న రంధ్రం వాడుకోవచ్చుగా? మన శరీరంలో ప్రతి కణం గోడకీ ప్రొటీన్‌తో చేసిన సన్నటి రంధ్రాలుంటాయి. 1976లో జర్మనీలో ఎర్విన్ నెయర్, బెర్ట్ సాక్‌మన్ అనే ఇద్దరు అలాంటి ఒకే ఒక్క రంధ్రంలోంచి పారే కరెంటుని కొలిచి చూపించారు. అది పికోఆంపియర్లలో ఉంటుంది. ఒక ఆంపియర్‌ని లక్ష కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క పికోఆంపియర్. ఈ పనికి 1991లో వాళ్ళకి నోబెల్ వచ్చింది. మన కథకి దీనివల్ల దొరికింది చెవి. అంత చిన్న కరెంటుని వినగలిగే యాంప్లిఫయర్లు అప్పటినుంచే ల్యాబుల్లోకి వచ్చాయి.

1989లో డేవిడ్ డీమర్ అనే కాలిఫోర్నియా ప్రొఫెసర్ ఆరెగాన్‌లో కారు నడుపుకుంటూ వెళ్తుండగా ఒక ఆలోచన వచ్చి, బండి పక్కకి ఆపి నోటుబుక్కులో బొమ్మ గీసుకున్నాడు. ఒక పొర, దానిలో రంధ్రం, అందులోంచి జారుతున్న డీఎన్‌ఏ దారం, ఒక్కో అక్షరానికి ఒక్కో తీరుగా పడే కరెంటు. డీఎన్‌ఏకి సహజంగానే రుణ విద్యుదావేశం ఉంటుంది. అవతల ప్లస్ తీగ పెడితే దానంతటదే ఆ వైపుకి లాక్కెళ్ళబడుతుంది, తొయ్యక్కర్లేదు. ఇలాంటి ఆలోచనే జార్జ్ చర్చ్‌కీ వచ్చింది. హార్వర్డ్‌లో డేనియల్ బ్రాంటన్ వీళ్ళతో చేయి కలిపాడు.

రంధ్రం కోసం వాళ్ళు తెచ్చుకున్నది స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా విషం, పేరు ఆల్ఫా హిమోలైసిన్. ఈ విషం చేసే పనే మన రక్తకణాల గోడకి బెజ్జం పెట్టడం. దాని ఇరుకు భాగం సుమారు ఒకటిన్నర నానోమీటర్లు. రెండు పోగుల డీఎన్‌ఏ అందులో పట్టదు, ఒంటి పోగైతే సరిగ్గా దూరుతుంది. 1996లో జాన్ కాసియానోవిచ్, ఎరిక్ బ్రాండిన్, బ్రాంటన్, డీమర్ కలిసి అచ్చువేసిన వ్యాసంలో ఇది నిజంగా జరుగుతుందని చూపించారు. దారం దూరినప్పుడల్లా కరెంటు దాదాపు పూర్తిగా పడిపోయింది. దారం పొడవైతే ఎక్కువసేపు పడిపోయింది. కోల్టర్ లెక్కపెట్టింది కణాలను, వీళ్ళు లెక్కపెట్టింది ఒక్కొక్క అణువుని.

రాయిలో రంధ్రం

ప్రొటీన్ రంధ్రానికి కొన్ని ఇబ్బందులున్నాయి. అది కూర్చునేది కొవ్వు పొరలో. ఆ పొర సబ్బు బుడగ లాంటిది, అదిరితే పగులుతుంది. వేడి, ఘాటు ఉప్పు, ఎక్కువ వోల్టేజీ పెడితే రెండూ తట్టుకోవు. పైగా రంధ్రం సైజు ప్రకృతి ఇచ్చిందే, మనకి కావలసినట్టు మార్చుకోలేం. మన భాషలో చెప్పాలంటే అది టెంటు, కాంక్రీటు గోడ కాదు.

గట్టి పదార్థంలో రంధ్రం వేద్దామని హార్వర్డ్‌లో జీన్ గోలోవ్‌చెంకో బృందం పట్టుబట్టింది. కంప్యూటర్ చిప్పుల్లో వాడే సిలికాన్ నైట్రైడ్ పొర తీసుకున్నారు. 2001లో జియాలి లీ ముందు పేరుగా నేచర్ పత్రికలో వచ్చిన వ్యాసంలో ఒక చిత్రమైన సంగతి ఉంది. ఆర్గాన్ అయాన్లతో కొడితే రంధ్రం పెద్దదవ్వాలి కదా? కొన్ని పరిస్థితుల్లో అది మూసుకుపోతోంది. పొర పైభాగం కరిగినట్టు జరిగి రంధ్రం అంచుకి చేరుతోంది. వాళ్ళు దీన్నే పనిముట్టు చేసుకున్నారు. ముందు పెద్ద రంధ్రం చేసుకుని, అయాన్లతో కొడుతూ, అవతలికి ఎన్ని అయాన్లు దాటుతున్నాయో లెక్కపెడుతూ, కావలసిన సైజుకి రాగానే ఆపేశారు. అలా రెండు నానోమీటర్ల దాకా దించారు.

2003లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో సీస్ డెక్కర్ బృందం ఇంకో దారి చూపింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద సిలికాన్ ఆక్సైడ్ రంధ్రాన్ని చూస్తుంటే, ఆ ఎలక్ట్రాన్ల తాకిడికే అది మెల్లగా ముడుచుకుంటోంది. పొర మందం కంటే చిన్న రంధ్రమైతే ముడుచుకుంటుంది, పెద్దదైతే ఇంకా తెరుచుకుంటుంది. నీటి బొట్టు గుండ్రంగా అయ్యే తలతన్యత లాంటిదే ఇక్కడా పనిచేస్తోంది. అంటే కంటితో చూస్తూనే రంధ్రం సైజు సరిచేసుకోవచ్చు. కోర్ కటింగ్ చేసేవాడికి బిట్టు తిరుగుతుండగానే రంధ్రం కనిపించినట్టు.

ఆ సంవత్సరమే హార్వర్డ్ వాళ్ళు సిలికాన్ నైట్రైడ్ రంధ్రంలోంచి రెండు పోగుల డీఎన్‌ఏని పంపించారు. ప్రొటీన్ రంధ్రంలో కనిపించనిది ఇక్కడ కనిపించింది. కొన్ని అణువులకి కరెంటు ఒక మెట్టు పడింది, కొన్నింటికి రెండు మెట్లు పడింది. రెండు మెట్లంటే డీఎన్‌ఏ మడతపడి దూరిందన్నమాట. కొస నుంచి కాకుండా నడుము పట్టుకుని లాగిన తాడు లాగా. అణువు ఏ భంగిమలో దాటిందో కూడా కరెంటు గీతే చెప్పేస్తోంది.

తర్వాత 2014లో కెనడాలో ఒటావాలో విన్సెంట్ టబార్డ్ కోసా బృందం మైక్రోస్కోపే అక్కర్లేని పద్ధతి చెప్పింది. పొరకి ఇరువైపులా ఉప్పునీళ్ళు పోసి, తట్టుకోలేనంత వోల్టేజీ పెట్టి, ఎక్కడో ఒకచోట పొర చిట్లి కరెంటు పారగానే ఆపెయ్యడం. కోట్ల రూపాయల మిషను లేని ల్యాబు కూడా నానోపోర్ చేసుకునే వీలు దాంతో వచ్చింది.

అసలు చిక్కు: వేగం

ఇక్కడిదాకా చదివితే పని అయిపోయినట్టే అనిపిస్తుంది. రంధ్రం వచ్చింది, డీఎన్‌ఏ దూరుతోంది. కానీ నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తానికి ఇరుసు ఇక్కడే ఉంది. రంధ్రం వెయ్యడం సగం పనే. దాటిపోయేదాన్ని వినడం మిగతా సగం, అదే కష్టమైన సగం.

సాలిడ్ స్టేట్ రంధ్రంలో డీఎన్‌ఏ ఒక్కో అక్షరాల జత దాటడానికి పట్టే సమయం సుమారు 10 నుంచి 100 నానోసెకన్లు. ప్రొటీన్ రంధ్రంలో ఒంటి పోగైతే అక్షరానికి మైక్రోసెకను అటూ ఇటూ. ల్యాబుల్లో అప్పట్లో ఎక్కువగా వాడిన మేలైన యాంప్లిఫయర్ సెకనుకు లక్ష మార్పుల దాకా, అంటే 100 కిలోహెర్ట్జ్ దాకా వినగలదు. దాని రెప్పపాటు దాదాపు 10 మైక్రోసెకన్లు. ఆ ఒక్క రెప్పపాటులో వందల అక్షరాలు దాటిపోతాయి. తిరుగుడు గేటు తీసేసి, జనాన్ని పరిగెత్తిస్తూ మొహాలు గుర్తుపట్టమన్నట్టు.

"అయితే వేగంగా వినే యాంప్లిఫయర్ పెట్టొచ్చుగా?" అని మీరు అడగొచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. లెక్క వేసి చూస్తేగానీ అర్థం కాలేదు. ఒక పికోఆంపియర్ అంటే సెకనుకు సుమారు 62 లక్షల అయాన్లు దాటడం. 100 పికోఆంపియర్లు అంటే సెకనుకు 62 కోట్లు. చాలా పెద్ద సంఖ్యే. కానీ మనం చూసేది ఒక్క మైక్రోసెకను మాత్రమే అయితే? అందులో దాటేది 600 పైచిలుకు అయాన్లే. అంత చిన్న గుంపులో పాతిక అటూ ఇటూ అవడం ప్రకృతి సహజం, దాన్ని ఏ మిషనూ ఆపలేదు. ఆ ఊగిసలాటలో 'ఏ' కీ 'టీ' కీ మధ్య తేడా పట్టుకోవాలి. ఎంత వేగంగా చూస్తే చేతికి దొరికే సాక్ష్యం అంత తక్కువ. వేగం ఊరికే రాదు.

దీని మీద ఇంకో గొడవ. ఆ సన్నటి పొర, రెండు వైపులా ఉప్పునీళ్ళు కలిసి ఒక కెపాసిటర్ అవుతాయి. వేగం పెంచేకొద్దీ దానివల్ల వచ్చే రొద విపరీతంగా పెరుగుతుంది. తీగలు పొడుగైతే ఇంకా పెరుగుతుంది. ఇంకొకటి, పొర మందం 20, 30 నానోమీటర్లు. డీఎన్‌ఏలో అక్షరానికీ అక్షరానికీ దూరం 0.34 నానోమీటర్లు. అంటే ఏ క్షణంలో చూసినా ఆ సొరంగంలో 60 నుంచి 90 అక్షరాలు వరసగా ఉంటాయి. వినేది ఒక్క గొంతు కాదు, గుంపు మొత్తం గొంతు.

ఇక్కడి నుంచి దారి రెండుగా చీలింది. అణువుని నెమ్మది చెయ్యడం ఒకటి. చెవిని చురుకు చెయ్యడం రెండోది.

చెవిని చురుకు చేసినవాళ్ళు

ముందు పొరని పలుచన చేశారు. 2010లో అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీలో మెనీ వనును, మరియా డ్రన్‌డిచ్ బృందం పదికి తక్కువ నానోమీటర్ల పొరలు చేసి, కరెంటులో పడే గుర్తు ఎంత పెద్దదవుతుందో చూపించింది. ఆ ఏడాదే హార్వర్డ్, డెల్ఫ్ట్, పెన్సిల్వేనియా మూడుచోట్లా ఒక్క పరమాణువు మందం ఉండే గ్రాఫీన్‌లో రంధ్రాలు చేసి డీఎన్‌ఏని దాటించారు. అంతకంటే పలుచటి గోడ ఇక లేదు.

తర్వాత తీగ పొడవు. సైట్ మీద పొడుగాటి ఎక్స్‌టెన్షన్ కేబుల్ వేస్తే ఏమవుతుందో మనకి తెలుసు. కొలంబియా యూనివర్సిటీలో కెన్ షెపర్డ్ దగ్గర పనిచేసిన జాకబ్ రోసెన్‌స్టీన్, పెన్సిల్వేనియా వాళ్ళతో కలిసి యాంప్లిఫయర్‌ని ఒక చిన్న చిప్పుగా చేసి రంధ్రం పక్కనే కూర్చోబెట్టారు. మధ్యలో తీగే దాదాపు లేదు. పొర చిన్నది, దాంతో రొద తగ్గింది. 2012లో వచ్చిన ఆ వ్యాసంలో చెవి 100 కిలోహెర్ట్జ్ నుంచి 1 మెగాహెర్ట్జ్‌కి పెరిగింది. రెప్పపాటు మైక్రోసెకనుకి దిగింది. అంతకుముందు దాటిపోయినట్టు కూడా తెలియని పొట్టి డీఎన్‌ఏ ముక్కలు, 25 అక్షరాలవి, ఇప్పుడు గీతలో కనిపించాయి. 2016లో అదే బృందం 100 నానోసెకన్ల దాకా దించింది.

సైన్సు వార్తల్లో ఎప్పుడూ "ఎంత చిన్న రంధ్రం చేశారు" అని రాస్తారు. ఈ పని చేసినవాళ్ళు మాత్రం రంధ్రం జోలికి పెద్దగా పోలేదు. తీగ కుదించారు, రొద తగ్గించారు. అంతవరకూ అక్కడ లేదనుకున్నది ఉందని తేలింది.

అణువుని నెమ్మది చేసినవాళ్ళు

రెండో దారిలో వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. జియాలి లీ హార్వర్డ్ నుంచి ఆర్కాన్సా యూనివర్సిటీకి వెళ్ళింది. కోల్టర్ పుట్టిన రాష్ట్రం అదే కావడం యాదృచ్ఛికం. 2005లో ఆమె బృందం ఉప్పునీటిలో గ్లిజరాల్ కలిపి చిక్కగా చేసి, చల్లబరిచి, వోల్టేజీ తగ్గించి డీఎన్‌ఏ నడకని దాదాపు పదింతలు తగ్గించింది. కానీ చిక్కటి నీళ్ళలో అయాన్లు కూడా నెమ్మదిస్తాయి. అణువు ఆగింది, దాంతోపాటు గొంతూ తగ్గింది.

అసలు గెలుపు మళ్ళీ ప్రకృతి నుంచే వచ్చింది. మన కణాల్లో డీఎన్‌ఏని పట్టుకుని అక్షరం అక్షరం జరిపే ఎంజైములున్నాయి. అలాంటివాటిని ప్రొటీన్ రంధ్రం మూతి దగ్గర కాపలా పెట్టారు. కాలిఫోర్నియాలో మార్క్ ఏకసన్, వాషింగ్టన్‌లో యెన్స్ గుండ్‌లాక్ బృందాలు 2012లో ఇది పనిచేస్తుందని చూపించాయి. ఇంగ్లండ్‌లో హేగన్ బేలీ 2005లో మొదలుపెట్టిన ఆక్స్‌ఫర్డ్ నానోపోర్ కంపెనీ 2014లో మినయాన్ అనే చిన్న పరికరాన్ని పరిశోధకుల చేతికిచ్చింది. అరచేతిలో పడుతుంది, ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే చాలు. దానిలో ఒక్కో రంధ్రం సెకనుకు కొన్ని వందల అక్షరాలు చదువుతుంది. 2015లో గినీలో ఎబోలా వైరస్ రకాలను అక్కడికక్కడే చదివారు. 2016 ఆగస్టులో కేట్ రూబిన్స్ అంతరిక్ష కేంద్రంలో డీఎన్‌ఏ చదివింది. 2022లో మనిషి జన్యుపటంలో మిగిలిపోయిన ఖాళీలు నిండడానికి దీని పొడవాటి చదువులు చాలా సాయపడ్డాయి.

కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పాలి. అక్షరాలు చదివే పందెంలో ఇప్పటిదాకా గెలిచింది నెమ్మది చేసినవాళ్ళే. సాలిడ్ స్టేట్ రంధ్రం ఇంకా అక్షరం అక్షరం చదవలేదు. అది చెయ్యగలిగింది వేరే. ముక్క పొడవెంతో చెప్తుంది, మడతపడిందో లేదో చెప్తుంది, దాని మీద ఏదన్నా అతుక్కుని ఉంటే ఆ గడ్డని పట్టుకుంటుంది, ఎన్ని ముక్కలున్నాయో ఒక్కొక్కటిగా లెక్కపెడుతుంది. కొవ్వు పొర గొడవ లేదు, ఎండకి పాడవదు, చిప్పు తయారుచేసే ఫ్యాక్టరీలోనే తయారవుతుంది. మన దేశంలో బెంగళూరు ఐఐఎస్‌సిలోని నానో కేంద్రంలో కూడా దీని మీద పనిచేస్తున్నారు. ఏ ఒక్క జబ్బు గుర్తో ఉందా లేదా అని చూడటానికి పుస్తకం మొత్తం చదవనక్కర్లేదు. ఆ గుర్తుకి మాత్రమే అతుక్కునే ముక్కని కలిపి, అతుక్కున్నవి ఎన్ని దాటాయో లెక్కపెడితే చాలు. ఈ దారి మీద పనిచేసేవాళ్ళ ఆశ అదే.

మళ్ళీ సోహార్ ఆసుపత్రికి

ఇప్పుడు మొదట్లో చెప్పిన కుర్రాడి దగ్గరికి వస్తాను. ఆ డాక్టరమ్మకి వెంటనే అనుమానం ఎందుకు వచ్చింది? ఒమన్‌లో జరిగిన సర్వేలో సుమారు 6 శాతం మందిలో సికిల్ జన్యువు ఒక కాపీ ఉందని, 2 శాతం మందిలో బీటా తలసీమియా జన్యువు ఉందని తేలింది. అక్కడి డాక్టర్లకి అది ఇంటి విషయం.

ఇంకో సంగతి నన్ను ఇంకా కదిలించింది. సికిల్ అక్షరం చుట్టుపక్కల ఉండే మిగతా అక్షరాల వరస చూసి, ఆ తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పొచ్చు. ఒమనీల్లో మూడు వరసలు దొరుకుతాయి. బెనిన్, బాంటు అనే రెండూ ఆఫ్రికావి. మస్కట్ సుల్తాన్లు జాంజిబార్‌ని ఏలిన కాలం, ఆ సముద్ర వ్యాపారం, బానిసలుగా తెచ్చిన మనుషులు, ఆ చరిత్రంతా రక్తంలో రాసి ఉంది. మూడోదాని పేరే అరబ్ ఇండియన్. 1986లో వచ్చిన ఒక అధ్యయనంలో తూర్పు సౌదీ వాళ్ళదీ, ఒడిశా వాళ్ళదీ ఒకే వరస అని తేలింది. మన దేశపు ఆదివాసీల్లో కనిపించేది అదే. మన దగ్గర సికిల్ జన్యువుని మొదట 1952లో నీలగిరుల్లో గుర్తించారు. 2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. ఆ రెండు తేదీల మధ్య ఎన్ని దశాబ్దాలు గడిచాయో చూడండి. ఆ మధ్య కాలంలో ఏజెన్సీ కొండల్లో ఎంతమంది పిల్లల నొప్పిని "బద్ధకం" అన్నారో లెక్క లేదు. నేనూ అన్నాను కదా.

ఒమనీ డాక్టరమ్మ కుర్రాడి ముఖంలో చూసింది తన సొంత ఊరి జబ్బునే. సముద్రానికి అవతల ఒడ్డునా ఇవతల ఒడ్డునా అదే అక్షరం, ఆ అక్షరం చుట్టూ అవే పొరుగు అక్షరాలు.

సికిల్ జబ్బు పట్టుకోవడానికి నానోపోరే కావాలని నేను అనడం లేదు. ఆ పని ఇప్పుడున్న మామూలు పరీక్షలతోనే అవుతుంది, చెయ్యాలన్న బుద్ధి ఉంటే చాలు. సికిల్ ఉన్నవాడికి ఒంట్లో నీరు తగ్గితే నొప్పి వస్తుంది. మే నెల ఎండలో పనికి పంపేముందు ఒక్క పరీక్ష చేస్తే సరిపోయేది. నానోపోర్ చరిత్ర నాకు నేర్పింది ఇంకోటి. అణువు ఎప్పుడూ అక్కడే ఉంది, దాటుతూనే ఉంది. మన చెవికి వేగం చాలక, రొద ఎక్కువై, అక్కడేమీ లేదనుకున్నాం. పదేళ్ళు కష్టపడి రొద తగ్గించినవాళ్ళకి వినిపించింది. ఆ కుర్రాడు నాకు నాలుగుసార్లు చెప్పాడు. నా దగ్గర ఉన్నది మాత్రం రొద.

కుర్రాడు ఇప్పుడు ఊళ్ళోనే ఉన్నాడు. మందులు వాడుతున్నాడు, నీడపట్టున చిన్న కొట్టు పెట్టుకున్నాడు. ఆ మాట అన్నందుకు ఫోన్‌లో క్షమాపణ అడిగితే "పోన్లెండి బాబూ, మా ఇంట్లోవాళ్ళూ అలాగే అనీవోరు" అన్నాడు.

మీలో ఎవరన్నా గల్ఫ్‌కి మనుషుల్ని పంపేవాళ్ళుంటే, ముఖ్యంగా ఏజెన్సీ ఊళ్ళ నుంచి, ఆ ఒక్క పరీక్ష చేయించండి. వచ్చే ఎపిసోడ్‌లో జాంజిబార్, మస్కట్ సముద్రదారి గురించి మాట్లాడుకుందాం. ఈ వ్యాసంలో ఏదన్నా అర్థం కాకపోతే వాయిస్ మెసేజ్ పెట్టండి, శుక్రవారం తీరిగ్గా విని జవాబు చెప్తాను.